చక్రము హబ్బున కానుకొను చోటు: ఆఫ్‌సెట్, బ్యాక్‌స్పేసింగుల విచారణ

బళ్ళారి నుండి హోసపేటకు పోవు రాజమార్గము మీద, కుడతిని యొద్ద ఒక గడియసేపు నిలిచి, ఇనుపరాయి మోయు లారీల చక్రములను పరిశీలించిన వారికి ఒక వింత కనబడును. ముందు చక్రపు నడుము బోర్లించిన మూకుడువలె వెలికి ఉబ్బి యుండును. వెనుక చక్రపు నడుము వెల్లకిల నుంచిన మూకుడువలె లోనికి గుంటపడి యుండును. ఇవి రెండు వేరువేరు జాతుల రిమ్ములని పలువురు తలంతురు. కాని సామాన్యముగా రెండును ఒకే అచ్చున నొత్తిన రిమ్ములే. ముందు ఇరుసునకు బిగించిన రిమ్మువంటి దానినే మొగము త్రిప్పి వెనుక ఇరుసునకు వెలుపలి చక్రముగా బిగింతురు. అట్లు త్రిప్పినంత మాత్రమున టైరు ఉండు చోటు ఇరువది, ముప్పది సెంటీమీటర్లు మారిపోవును.

ఈ మార్పునకు కారణమైన కొలతనే యంత్రశాస్త్రజ్ఞులు ఆఫ్‌సెట్ అందురు. దానికి తోబుట్టువు వంటి మరియొక కొలత బ్యాక్‌స్పేసింగు. లారీవానికి ఈ కొలతలను కర్మాగారమే నిర్ణయించి యిచ్చును గనుక ఆతనికి చింత లేదు. చింత యంతయు జీపులు, బొలేరోలు, థార్‌లు, జిప్సీలు మొదలగు వాహనములకు వెడల్పు రిమ్ములను కొనదలచిన వారిది. వారు అంగడిలో రిమ్ము వ్యాసము నడుగుదురు, వెడల్పు నడుగుదురు, రంగు నడుగుదురు, వెలను బేరమాడుదురు. వెడల్పులో ఏ చోట ఆ రిమ్ము హబ్బున కానుకొనునో మాత్రము అడుగరు. నా అభిప్రాయమున మొదట అడుగవలసిన ప్రశ్నలలో నిది యొకటి.

కుడతిని ప్రాంతమున నివసించు మనవారికి ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో కొంచెము చెప్పవలసి యున్నది. ఊరు బళ్ళారికి పడమట ఇరువది కిలోమీటర్ల పైచిలుకు దూరమున, నేడు 67వ సంఖ్య గల జాతీయ రహదారి మీద నున్నది. ఇంకను పడమటికి పోయిన తోరణగల్లు ఉక్కు కర్మాగారము. దానికి దక్షిణమున సండూరు కొండలు, దోణిమలై గనులు. కుడతినిలోనే 1700 మెగావాట్ల సామర్థ్యము గల ఉష్ణవిద్యుత్కేంద్రము కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు వచ్చి, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. కాని ఇక్కడి గ్యారేజీలలో నేటికిని తెలుగు, కన్నడము, ఉర్దూ కలగలసియే వినబడును. ‘రిమ్ము’, ‘హబ్బు’, ‘బేరింగు’ అను మాటలు మూడు భాషలకును ఉమ్మడి సొత్తులు.

ఈ సీమలో నేల రెండు విధములు. బళ్ళారి చుట్టును నల్లరేగడి. సండూరు కొండలలో ఇనుము కలసిన ఎర్రమన్ను. వానకాలమున రేగడి బంకవలె పట్టుకొనును. కొండదారిలో గులకరాయి, దాని క్రింద మెత్తని ఎర్రపొడి, అక్కడక్కడ లారీలు త్రొక్కిన లోతైన గాడులు. 2011లో సుప్రీంకోర్టు ఉత్తరువుతో ఈ జిల్లాలో ఖనిజము త్రవ్వుట ఆగినది. 2013 నుండి కట్టుబాట్లకు లోబడి మరల సాగుచున్నది. గుత్తేదారులు, సర్వేయర్లు, గని యుద్యోగులు, పొలముగల రైతులు, అందరికిని అటువంటి దారులలో పోగల బండి కావలెను. వారిలో పెక్కుమందికి ఆ బండియే పొలమునకు, పనికి, పిల్లల బడికి, అర్ధరాత్రి ఆసుపత్రికిని. కావున దాని ముందు చక్రము ఊడుట, బేరింగు పట్టివేయుట వినోదమునకు సంబంధించిన విషయములు కావు.

ఇక్కడ ఒక చిన్న ప్రస్తావన. కుడతిని సమీపమున నున్న బూడిదదిబ్బను పురాతత్వవేత్తలు చిరకాలముగా నెరుగుదురు. రాక్షసుల చితాభస్మమని జనశ్రుతి. మహబూబునగరు జిల్లా ఊట్నూరులో 1957లో త్రవ్వకము జరిపిన ఆల్చిన్ పండితుడు, ఇటువంటి దిబ్బలు నవీనశిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేడ కాలి యేర్పడినవని 1963లో వెలువరించిన గ్రంథమున నిరూపించెను. వేల యేండ్లకు పూర్వమే ఈ నేలపై పశువులతో బ్రతికిన జనులుండిరన్నమాట. ఆ పశువుల మెడకు బండికాడి తగులుకొనిన పిమ్మట వచ్చిన సమస్యలలో మన ప్రస్తుత సమస్యయు నొకటి.

రెండెడ్ల బండి చక్రమును తలచుకొందము. నడుమ నాభి, దానిలో నాటిన ఆకులు, చుట్టును కొయ్యవలయము, దానిపై ఇనుప పట్టా. ఇరుసు నాభిలో దూరి వెలుపలికి వచ్చును. కడచీల దానిని జారనీయదు. బండి బరువు నాభి మీద పడును. నేల తాకిడి పట్టా మీద పడును. ఆకులు నాభి నడుమనుండి తిన్నగా పైకి పోయినచో బరువును తాకిడియు ఒకే గీతలో నుండును. ఆకులను నాభికి ఒక ప్రక్కగా నాటినచో నాభి ఇరుసు మీద వంకరగా నొరయును. కందెన ఎంత పెట్టినను ఒక ప్రక్క అరగును. ఈ సంగతి మన వడ్రంగులకు శాస్త్రము చదువకయే తెలియును.

మోటారు చక్రములో నాభికి బదులు హబ్బు, ఆకులకు బదులు ఉక్కు పళ్ళెము లేక అల్లాయి చేతులు, కొయ్యవలయమునకు బదులు రిమ్ము పీపా. పళ్ళెములో హబ్బునకు గట్టిగా అదిమి నట్లు బిగించు చదునైన ముఖమొకటి కలదు. దానిని ఈ వ్యాసమున ‘ఆనుముఖము’ అని పిలిచెదను. రిమ్ము వెడల్పును సరిగా రెండు సగములు చేయు ఊహాతలము ‘నడిమిగీత’. ఆనుముఖమునకును నడిమిగీతకును గల దూరమే ఆఫ్‌సెట్. దీనిని మిల్లీమీటర్లలో చెప్పుదురు.

ఆనుముఖము నడిమిగీతకు వెలుపల, అనగా వీధివైపున నున్నచో అది ధన ఆఫ్‌సెట్. ఆనుముఖము లోపల, అనగా బండివైపున నున్నచో ఋణ ఆఫ్‌సెట్. రెండును ఏకమైనచో సున్న. ఇక్కడ పలువురికి తికమక కలుగును. ఆనుముఖము వెలికి జరిగిన టైరు కూడ వెలికి జరుగునని అనుకొందురు. అది పొరపాటు. హబ్బు కదలదు, కదలునది రిమ్మే. ఆనుముఖము రిమ్ములో వెలుపలి అంచునకు దగ్గరగా నున్నయెడల రిమ్ము తక్కిన భాగమంతయు హబ్బును దాటి లోనికి పోవును. కావున ధనమనగా చక్రము లోనికి, ఋణమనగా చక్రము వెలికి అని జ్ఞాపక ముంచుకొనవలెను. లారీ ముందు చక్రపు ఉబ్బెత్తు పళ్ళెము ధనమునకును, వెనుకటి వెలుపలి చక్రపు గుంట పళ్ళెము ఋణమునకును మనము నిత్యము చూచు నిదర్శనములు. అంతర్జాతీయ ప్రమాణములలో ఈ మూడు స్థితులకు ఇన్‌సెట్, అవుట్‌సెట్, జీరోసెట్ అను పేర్లు కూడ కలవు; చక్రమెటు పోవుచున్నదో ఆ పేర్లే చెప్పును గనుక అవి మేలైన పేర్లని నాకు తోచును. కాని వాడుకలో ఆఫ్‌సెట్ అను మాటయే స్థిరపడినది. రిమ్ము మీద ‘ఇ.టి. 25’ అని చెక్కియుండిన ధన ఆఫ్‌సెట్ 25 మిల్లీమీటర్లని యర్థము. ఇ.టి. అనునది ఒక జర్మను మాటకు పొడియక్షరములు.

బ్యాక్‌స్పేసింగు మరియొక విధమైన కొలత. రిమ్ము లోపలి అంచునుండి ఆనుముఖము వరకు గల లోతది. అమెరికాలో జీపుల రిమ్ములను చేయువారు దీనిని అంగుళములలో చెప్పుట యలవాటు. దీనిని కొలుచుట కడుసులభము. టైరు లేని రిమ్మును వీధివైపు ముఖము నేలకుండునట్లు బోర్లించి, పైకి వచ్చిన లోపలి అంచుమీద ఒక తిన్నని బద్దను అడ్డముగా పెట్టి, బద్ద అడుగునుండి ఆనుముఖము వరకు టేపు దించవలెను. టైరు ఎక్కించిన రిమ్మును కొలిచినచో బద్ద రిమ్ము అంచును తాకక టైరు బుగ్గ మీద నిలుచును; అపుడు వచ్చు కొలత అబద్ధము.

ఈ రెండు కొలతలకు గల సంబంధమున ఒక చిక్కు దాగియున్నది. రిమ్ము మీద 7జె అని యున్నచో 7 అంగుళములు టైరు అంచులు కూర్చుండు గట్ల నడిమి దూరము మాత్రమే. ఆ గట్లకు ఇరుప్రక్కల పెదవులుండును. రెండు పెదవులను కలిపిన మొత్తము వెడల్పు ఇంచుమించు ఒక అంగుళము ఎక్కువ, అనగా 8 అంగుళములు. బ్యాక్‌స్పేసింగును పెదవి అంచునుండి కొలుతుము. కావున మొత్తము వెడల్పులో సగమునకు ఆఫ్‌సెట్‌ను కలిపిన బ్యాక్‌స్పేసింగు వచ్చును. ఈ ఒక్క అంగుళమును మరచినవారికి లెక్క అర్ధాంగుళము తప్పును. లోపల స్ప్రింగు పట్టీకిని టైరునకును నడుమ ఉండవలసిన సందు పలుమార్లు అంతకంటె తక్కువయే.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక గృహస్థుని బండికి కర్మాగారపు రిమ్ము 7 అంగుళములు, ఆఫ్‌సెట్ ధనము 25 అనుకొందము. మొత్తము వెడల్పు 203 మిల్లీమీటర్లు, సగము 101.5. దానికి 25 కలిపిన 126.5, ఇది బ్యాక్‌స్పేసింగు, ఇంచుమించు 5 అంగుళములు. హబ్బునకు వెలుపల మిగులునది 76.5 మిల్లీమీటర్లు. ఇపుడాతడు 8 అంగుళముల రిమ్మును, ఆఫ్‌సెట్ సున్నగా నున్నదానిని కొనెను. మొత్తము వెడల్పు 228.5, సగము 114 పైన. లోపల 114, వెలుపల 114. అనగా లోపల 12 మిల్లీమీటర్ల సందు పెరిగినది; వెలుపల 38 మిల్లీమీటర్లు పొడుచుకొని వచ్చినది. వెడల్పు పెరిగినది ఒక్క అంగుళమే గదా, ప్రక్కకు అర్ధాంగుళమే గదా యని ఆతడు తలచియుండును. కాని చక్రము తన స్థానమునుండియే 25 మిల్లీమీటర్లు వెలికి జరిగినది. ఆ పైన అర్ధాంగుళము.

అదే 8 అంగుళముల రిమ్మును ధనము 12 ఆఫ్‌సెట్‌తో కొనియున్నచో? బ్యాక్‌స్పేసింగు మరల 126 పైనే నిలుచును. లోపలి సందు మునుపటివలెనే యుండును. వెలుపల 26 మిల్లీమీటర్లు పెరుగును. చక్రపు నడిమిగీత 13 మిల్లీమీటర్లు మాత్రమే కదలును. రెండు రిమ్ములును ఒకే వెడల్పు, ఒకే వ్యాసము, బహుశః ఒకే వెల. బండికి మాత్రము రెండును ఒకటి కావు.

వెలికి జరిగిన ఆ దూరమునకు మూల్యము చెల్లించువారు ముగ్గురు: బేరింగు, స్టీరింగు, మడ్‌గార్డు.

మొదట బేరింగు. పలు వాహనముల ముందు హబ్బులో రెండు బేరింగులుండును. లోపలిది పెద్దది, వెలుపలిది చిన్నది. చక్రముమీది బరువు పెద్ద బేరింగునకు దగ్గరగా పడునట్లు కర్మాగారమువారు ఆఫ్‌సెట్‌ను నిర్ణయింతురు. చక్రమును వెలికి జరిపినచో ఆ బరువు చిన్న బేరింగు వైపునకు పోవును. లెక్కలో చెప్పవలెనన్న, ఒక చక్రము 500 కిలోల బరువు మోయుచున్నదనుకొనుడు. దానిని 25 మిల్లీమీటర్లు వెలికి జరిపినచో హబ్బును వంచు బలము 12.5 కిలోగ్రాము-మీటర్లు పెరుగును. మీటరు పొడవుగల కడ్డీ చివర పన్నెండున్నర కిలోల మూటను వ్రేలాడదీసినట్లు. ఇది బండి నిలిచియున్నపుడు. బండి గోతిలో దబ్బున పడినపుడు ఆ 500 కిలోలు ఎన్ని రెట్లగునో, ఈ పన్నెండున్నరయు అన్ని రెట్లగును. వెడల్పు టైరు, బరువైన రిమ్ము కూడ చేరినచో చెప్పనక్కరలేదు. బేరింగు ఒక్క దినమున చెడదు. మొదట సన్నని రొద. తరువాత చక్రమును పైన, క్రింద పట్టి యూపిన చిన్న కదలిక. ఆ తరువాత వేడి. జాక్ ఎత్తి నెలకొకసారి చక్రమును ఊపి చూచువానికి ఇది ముందే తెలియును.

స్టీరింగు విషయము దీనికంటె సూక్ష్మమైనది. ముందు చక్రము కుడియెడమలకు తిరుగునపుడు ఒక ఊహారేఖ చుట్టు తిరుగును. దానిని క్రిందికి పొడిగించిన నేలను ఒక బిందువున తాకును. టైరు నేలనంటు మచ్చకు నడిమి బిందువు వేరు. ఈ రెండు బిందువుల యెడమును స్క్రబ్ రేడియస్ అందురు. అది ఒక చిన్న మీటవంటిది. ఎడమ చక్రము ఒక రాయిని గుద్దుకొన్న, ఆ దెబ్బ ఈ మీట పొడవుచేత గుణింపబడి స్టీరింగును ఎడమకు లాగును. ఆఫ్‌సెట్ తగ్గించి చక్రమును 25 మిల్లీమీటర్లు వెలికి జరిపిన మీట పొడవు 25 మిల్లీమీటర్లు పెరుగును. మొదట మీట చిన్నది గనుక ఇది రెట్టింపు కూడ కావచ్చును. కొండదారిలో పోవునపుడు బొటనవ్రేళ్ళను స్టీరింగు చక్రపు లోపలికి చుట్టి పట్టుకొనరాదని అనుభవశాలులైన డ్రైవర్లు చెప్పుట ఇందులకే. దెబ్బకు చక్రము గిర్రున తిరిగి ఆకులు వ్రేలిని విరుచును. పవర్ స్టీరింగు వచ్చిన తరువాత ఈ లాగుడు చేతికి తెలియుట తగ్గినది; స్టీరింగు లంకెలకును కీళ్ళకును తగ్గలేదు. ఒక చక్రము తారు మీద, మరియొకటి ఎర్రపొడిలో నుండగా బ్రేకు త్రొక్కిన బండి ఒక ప్రక్కకు గుంజుటయు ఈ మీట వలన ఎక్కువగును.

మడ్‌గార్డు సంగతి కంటికి కనబడునదే. వెలికి జరిగిన చక్రము తిరుగునపుడు పెద్ద చాపమున తిరుగును. లోపల స్ప్రింగునకు తగులుట మానినది గదా యని సంతోషించిన యజమాని, పూర్తిగా ఎడమకు త్రిప్పినపుడు టైరు ముందువైపున బంపరు మూలను, వెనుకవైపున తలుపు క్రింది రేకును ఒరయుట చూచి ఆశ్చర్యపడును. మడ్‌గార్డును దాటిన టైరు ఎర్రబురదను తలుపుల మీదను, అద్దముల మీదను చిమ్ముట, వెనుక వచ్చు మోటారుసైకిలువాని మీదికి రాయి విసరుట వేరు.

ఇంత చెప్పినను, చక్రమును వెలికి జరుపుట యెల్లపుడు తప్పని నేననను. దానికి న్యాయమైన కారణములు కలవు. పెద్ద టైరు వేసినపుడు పూర్తి మలుపులో అది లోపలి పట్టీనో, ఫ్రేమునో తాకినచో బ్యాక్‌స్పేసింగు తగ్గింపక తప్పదు. రెండు చక్రముల నడిమి దూరము పెరిగిన, ఏటవాలు నేలపై బండి కొంచెము స్థిరముగా నిలుచును. ఎత్తు పెంచిన బండికి ఇది అవసరము కూడ. ప్రశ్న ఎంత యన్నదే. అవసరమైన సందు 10 మిల్లీమీటర్లైనపుడు 40 జరుపుట అవివేకము. లోతుపళ్ళెపు రిమ్ము చూపునకు ఠీవిగా నుండును. అంగడివారు దానినే ముందు వరుసలో పెట్టుదురు.

వెడల్పు మీది మోహము కూడ కొంత విచారింపదగినది. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపునకు రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళములు, టైరు ఆరంగుళములు. ఆ సన్నని టైరుతోనే అది ఎడారులు, అడవులు తిరిగినది. యుద్ధానంతరము మన దేశమున మహీంద్రావారు మొదట కూర్చినవి విల్లీస్ జీపులే. ఇసుకలోను, మెత్తని ఎర్రపొడిలోను వెడల్పు టైరు తేలి పోవునన్నది నిజము. కాని తడిసిన రేగడిలో అది బంకను ప్రోగుచేసికొని జారుడుచెక్కవలె నగును. సన్నని టైరు పైబంకను కోసికొని అడుగునున్న గట్టినేలను పట్టుకొనును. కుడతిని చుట్టుప్రక్కల పొలములలో తిరుగువానికి 8 అంగుళముల రిమ్ము కంటె 6 లేక 7 అంగుళముల రిమ్మే మేలని నా యభిప్రాయము.

లారీల జంటచక్రముల సంగతి సగములో విడిచితిని. వెనుక ఇరుసునకు ఒక్కొక్క ప్రక్క రెండేసి చక్రములు పళ్ళెములు ఒకదానికొకటి తగులునట్లు, ఎదురెదురుగా బిగింపబడును. అప్పుడు రెండు టైర్ల నడిమిగీతల దూరము ఒక్కొక్క రిమ్ము ఆఫ్‌సెట్‌కు రెండింతలు. మన లారీలలో బహుకాలము వాడుకలో నున్న 10.00-20 టైరు వెడల్పు రమారమి 280 మిల్లీమీటర్లు; దాని జంటల నడుమ ఉండవలసిన కనీసపు దూరము రమారమి 320. అనగా రెండు టైర్ల బుగ్గల నడుమ మిగులు సందు 40 మిల్లీమీటర్లే. బరువు పడినపుడు బుగ్గలు ఉబ్బి అదియు తగ్గును. కొలత తక్కువైన రిమ్మును వేసినచో టైర్లు రెండును ఒరసికొని వేడెక్కి పగులును. సరియైన రిమ్మే యైనను ఇనుపరాయి పెళ్ళ ఆ సందున ఇరుకుకొనుట కలదు. వేగమునకు అది ఎగిరి వెనుకబండి అద్దమును పగులగొట్టును. గనినుండి దిగిన లారీ రాజమార్గ మెక్కకముందు డ్రైవరు గాని క్లీనరు గాని దిగి, ఇనుపకడ్డీతో జంటచక్రముల సందులను పొడిచి చూచుట మంచి యలవాటు.

ఆఫ్‌సెట్ మార్చుటకు రిమ్ము మార్చకయే, హబ్బునకును చక్రమునకును నడుమ స్పేసరు అను బిళ్ళ వేయు పద్ధతి కూడ కలదు. ధనము 25 గల రిమ్మునకు 30 మిల్లీమీటర్ల స్పేసరు వేసినచో అది ఋణము 5 గల రిమ్ముతో సమానము. బేరింగునకు, స్టీరింగునకు కలుగు భారమున తేడా యేమియు లేదు. స్పేసరులో మరియొక యపాయము కలదు. ఊరక దోపు బిళ్ళలు హబ్బు బోల్టుల పొడవును తినివేయును. నట్టు పట్టుటకు మిగులు మరలు తగ్గును. నట్టు పట్టు పొడవు కనీసము బోల్టు మందమంత యైనను లేనిచో ఆ చక్రమును నమ్మరాదు. వేరు బోల్టులతో హబ్బునకు బిగించు మందపాటి స్పేసరు కొంత మేలు. అది హబ్బు నడిమి గడ్డపై సరిగా కూర్చుండవలెను. లోపలి నట్లను కూడ అపుడపుడు విప్పి చూచి బిగింపవలెను. కంటికి కనబడని ఆ లోపలి నట్లనే జనులు మరచిపోదురు.

ఇక రిమ్మును ఎన్నుకొను క్రమము. మొదట బోల్టు రంధ్రముల వలయము సరిపోవలెను. పాత జీపులకు, మారుతీ జిప్సీకి, 2023లో వచ్చిన జిమ్నీకి అయిదు బోల్టులు, వలయవ్యాసము 139.7 మిల్లీమీటర్లు, అనగా అయిదున్నర అంగుళములు. బోల్టులు సరిపోయినవి గదా యని ఒక బండి రిమ్మును వేరొక బండికి వేయువారు పెక్కురు. బోల్టులు కలిసినంత మాత్రమున ఆఫ్‌సెట్ కలియదు, నడిమి రంధ్రము కలియదు, మోయగల బరువును కలియదు. ఇరుసు మీద పడగల గరిష్ఠ భారములో సగమైనను రిమ్ము ఒక్కటి మోయగలదని దానిమీద గుర్తు ఉండవలెను. ఆ గుర్తు లేని రిమ్మును ఎంత చౌకకు వచ్చినను తీసికొనరాదు.

పిదప పాత చక్రమును బండికుండగనే లోపలి సందును కొలువవలెను. ముందు చక్రములను పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు త్రిప్పి, టైరు బుగ్గకును దానికి మిక్కిలి చేరువలో నున్న భాగమునకును గల దూరమును చూడవలెను. ఒక ప్రక్క చక్రమును రాతిమీద కెక్కించి స్ప్రింగు అణగినపుడు కూడ చూడవలెను. చదునుగా నిలిచియున్నపుడు 30 మిల్లీమీటర్లున్న సందు అణగినపుడు మూడు కావచ్చును. కొలుచునది టైరు బుగ్గవరకే గాని రిమ్ము పెదవి వరకు కాదు. రిమ్ము అర్ధాంగుళము వెడల్పైనచో టైరు బుగ్గ ఇంచుమించు 5 మిల్లీమీటర్లు విరియునని కూడ లెక్కింపవలెను. ఈ కొలతలు చేతికి వచ్చిన పిమ్మట, లోపల టైరు తగులకుండుటకు ఎంత కనీసము కావలెనో అంతమాత్రమే బ్యాక్‌స్పేసింగును తగ్గించి రిమ్మును వెదుకవలెను. లోపలనుండి వెలికి లెక్కించుట ఈ పద్ధతి. అంగడిలో జరుగునది దీనికి విరుద్ధము. వెలుపల ఎంత పొడుచుకొనివచ్చిన అందముగా నుండునో ముందు నిర్ణయించి, లోపలిదానిని తరువాత చూచుకొందురు.

చట్టము మాట కూడ ఒకటి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ ప్రకరణము, కర్మాగారము నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ వ్యాజ్యమొకదానిలో ఈ ప్రకరణమును గట్టిగా సమర్థించెను. మడ్‌గార్డు దాటి పొడుచుకొనివచ్చిన చక్రము రోడ్డు రవాణా అధికారి దృష్టిని త్వరగా ఆకర్షించును. ప్రమాదము జరిగినచో బీమావారి దృష్టిని ఇంకను త్వరగా ఆకర్షించును.

కొత్త రిమ్ములు బిగించిన తరువాత మొదటి నూరు కిలోమీటర్లలోపల నట్లను మరల ఒకసారి కొలతకొయ్య పానాతో బిగింపవలెను. ఆనుముఖము మీద రంగు మందముగా నున్నచో అది నలిగి నట్టు వదులగును. హబ్బు మీది త్రుప్పును గీకి, ఆనుముఖమును శుభ్రముగా తుడిచి బిగించుట అంతకంటె ముఖ్యము. నడుమ చిక్కిన చిన్న రాతిపలుకు చక్రమును వంకరగా నిలుపును.

చివరి సంగతి సండూరు కొండలకు ప్రత్యేకమైనది. అక్కడి ఎర్రబురద ఉత్తమట్టి కాదు. దానిలోని ఇనుపరాయి, శుద్ధమైన హెమటైటు, నీటికంటె అయిదురెట్లకు పైగా బరువు. బ్యాక్‌స్పేసింగు ఎక్కువగల రిమ్ములో ఆనుముఖమునకు వెనుక లోతైన పీపా యుండును. బురద అందులో చేరి ఒక ప్రక్క గడ్డకట్టును. మరునాడు రాజమార్గముపై వేగమందగనే స్టీరింగు గడగడ వణకును. రిమ్ము వంగినదనియో, బేరింగు పోయినదనియో బెదరి గ్యారేజీకి పోవుటకు ముందు, చక్రము లోపలి ప్రక్కకు చేయి పెట్టి, ఎండిన గడ్డను కొయ్యపుల్లతో రాల్చి, నీటితో కడిగి చూడవలెను.